ఓల్డ్ నికోల్ పేట: మెయిన్ సీవర్ వీధి చివరిదాకా వచ్చింది, మరి ఇంట్లోకి?

మీరు అడిగింది ఇదీ: విక్టోరియా రాణి కాలంలో లండన్లో ఒక పేదల పేటని ఎలా బాగుచేసారు, ముందు డ్రైనేజీ వేసారా ముందు ఇళ్లు కట్టారా, దానివల్ల అక్కడి జనం ఆరోగ్యం నిజంగా బాగుపడిందా అని. సెమినార్ కోసం అన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. నేను ముప్పై ఏళ్లకి పైగా మునిసిపల్ పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్ పనుల్లో ఉండి రిటైర్ అయ్యాను, ఈ లండన్ చరిత్ర మొదట ఉద్యోగం కోసం చదివాను, తర్వాత వదల్లేక చదువుతూనే ఉన్నాను. మొత్తం లండన్ గురించి రాస్తే దేనికీ న్యాయం జరగదు, అందుకే ఒక్క పేట తీసుకుంటాను, తూర్పు లండన్లో బెత్నల్ గ్రీన్ ఏరియాలో షోర్‌డిచ్ హై స్ట్రీట్ వెనకాల ఉండే ఓల్డ్ నికోల్.

సుమారు 15 ఎకరాలు, 730 దాకా ఇళ్లు, అందులో 5,719 మంది. ఈ లెక్క కూల్చే ముందు వేసింది. ఇళ్లల్లో కుర్చీలు బల్లలు చేసే వడ్రంగులు, తోపుడు బండి మీద కూరగాయలు చేపలు అమ్మేవాళ్లు, ఇంట్లోనే కూర్చుని అగ్గిపెట్టెలు అంటించే ఆడవాళ్లు పిల్లలు, వాళ్ల గాడిదలు కూడా ఆ పెరట్లోనే. చార్లెస్ బూత్ అని ఒకాయన 1889లో లండన్ పేదరికానికి రంగుల మ్యాపు వేస్తే ఈ వీధుల్లో చాలా వాటికి నలుపు పడింది, అంటే అన్నిటికంటే కింది తరగతి అని. అక్కడ ఏడాదికి వెయ్యి మందికి 40 మంది దాకా చనిపోయేవాళ్లు, అదే బెత్నల్ గ్రీన్ మొత్తం మీద 23కి అటూఇటూ. ఒకే పారిష్, అంటే ఒకే లోకల్ పాలన పరిధి, నాలుగు వీధుల దూరం, చావులు మాత్రం దాదాపు రెట్టింపు. మీ సెమినార్లో ఈ ఒక్క పోలిక పెట్టినా చాలు అనిపిస్తుంది నాకు, ఎందుకంటే వాతావరణం ఒకటే, నీళ్ల కంపెనీ ఒకటే, మెయిన్ సీవర్, అంటే పెద్ద మురుగు కాలవ, ఒకటే, మరి తేడా ఎక్కడినుంచి వచ్చింది అన్న ప్రశ్న దాన్నుంచే మొదలవుతుంది.

ముందు ఆ ఇళ్ల సంగతి. చాలావరకు 1800 తర్వాత హడావుడిగా కట్టినవి, పునాది అన్నది సరిగ్గా లేదు, కొన్ని చోట్ల పలకలు నేరుగా మట్టి మీదే పరిచేసారు. మంచి సున్నానికి బదులు సబ్బుల ఫ్యాక్టరీలో మిగిలిపోయిన చౌక సున్నంలో వీధి మట్టి కలిపి వాడారు, బిల్లీస్వీట్ అనేవాళ్లు దాన్ని, అది ఎన్నేళ్లైనా పూర్తిగా ఆరదు, గోడ ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. కొన్ని గదులు రోడ్డు లెవెల్ కన్నా కిందకి ఉండేవి. సైట్ మీద పనిచేసిన ఎవరికైనా ఇది చదవగానే తెలిసిపోతుంది, బయట ఎంత మంచి డ్రైన్ వేసినా ఈ గోడల్లో చెమ్మ పోదు, చెమ్మ పోకపోతే ఊపిరితిత్తుల జబ్బులు పోవు, ఒకే గదిలో ఆరుగురు పడుకుంటే క్షయ ఒకళ్లనుంచి ఇంకొకళ్లకి పోతూనే ఉంటుంది. శానిటేషన్ అనగానే అందరూ కలరా అంటారు, కలరా ఏదో ఒక ఏడాది వచ్చి పోయేది, ఈ దగ్గు, క్షయ, పసిపిల్లల విరేచనాలు మాత్రం ప్రతి ఏడూ చంపేవి.

ఆ ఇల్లు ఎవరిది అని అడిగితే ఒక్క జవాబు రాదు. స్థలం ఒకరిది, దాని మీద లీజు ఇంకొకరిది, ఆ లీజు నుంచి మళ్లీ లీజు తీసుకున్నవాడు మరొకడు, చివరికి వారం వారం గది గదికీ తిరిగి అద్దె వసూలు చేసేవాడు ఇంకొకడు. లీజు ఇంకో పదేళ్లలో అయిపోతుంది అనుకోండి, మధ్యలో ఉన్నవాడు మరుగుదొడ్డి ఎందుకు రిపేరు చేయిస్తాడు, ఖర్చు వాడిది, లాభం తర్వాత వచ్చేవాడిది. ఇదొక్కటి అర్థమైతే మిగతా కథంతా దానంతటదే అర్థమవుతుంది.

ఇప్పుడు సీవర్లు. 1848కి ముందు లండన్లో ఎక్కువ ఇళ్లకి గోతి దొడ్లే. పేదల ఆరోగ్యం మీద ఎడ్విన్ చాడ్విక్ అనే అధికారి రాసిన 1842 రిపోర్టు తర్వాత ఆ గోతులు తీసేసి అన్నిటినీ వానకాలవల్లోకి కలపమన్నారు, మంచి ఉద్దేశంతోనే, కానీ ఆ కాలవలన్నీ థేమ్స్ నదిలో పడేవి, కంపెనీలు తాగే నీళ్లు కూడా అదే థేమ్స్ నుంచి తోడేవి. 1848-49 కలరాలో లండన్లో దాదాపు 14 వేల మంది, 1854లో మళ్లీ పది వేల పైన పోయారు. 1858 ఎండాకాలంలో నది కంపు పార్లమెంటు లోపలికి వచ్చి సభ్యులు కూర్చోలేకపోయాక గానీ డబ్బు శాంక్షన్ కాలేదు. అప్పుడు లండన్ మొత్తానికి పబ్లిక్ పనులు చూసే మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ చీఫ్ ఇంజనీర్ జోసెఫ్ బాజల్గెట్ నదికి సమాంతరంగా, పడమట నుంచి తూర్పుకి, పాత కాలవలన్నిటినీ అడ్డంగా పట్టుకునే పెద్ద సీవర్లు వేసాడు, 82 మైళ్లు. మైలుకి కనీసం రెండడుగుల వాలు ఉండేట్టు, అంటే ఎంత తక్కువ వాలో చూడండి, ఆ లెవెల్స్ ఇటుక పనిలో తప్పకుండా తీసుకురావడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. కాలవలకి కోడిగుడ్డు ఆకారం వాడారు, సన్నటి కొస కిందకి, నీళ్లు తక్కువున్నప్పుడు కూడా ఆ సన్నటి అడుగులో వేగంగా పోయి మడ్డి పేరుకోకుండా. అప్పటికి కొత్తదైన పోర్ట్‌లాండ్ సిమెంటుని అంత పెద్ద ఎత్తున నమ్మి వాడాడు, వచ్చిన సరుకుకి టెస్టులు పెట్టి మరీ తీసుకునేవాళ్లు. ఆయనంటే నాకు చాలా గౌరవం.

కానీ తూర్పు లండన్ వంతు ఆఖర్లో వచ్చింది. 1866లో కలరా మళ్లీ వచ్చేటప్పటికి పడమటి వైపు కొత్త సీవర్ పనిచేస్తోంది, తూర్పున ఎత్తిపోసే ఆబీ మిల్స్ పంపింగ్ స్టేషన్ ఇంకా పూర్తి కాలేదు, అది 1868లో గానీ మొదలవ్వలేదు. ఆ ఒక్క ఏడాది లండన్లో పోయినవాళ్లలో ఎక్కువమంది, 5,500 పైగా, తూర్పు వాళ్లే. విలియం ఫార్ అనే స్టాటిస్టిక్స్ అధికారి ఏ కంపెనీ నీళ్లు తాగినవాళ్లు ఎంతమంది పోయారో లెక్క తీస్తే ఈస్ట్ లండన్ వాటర్ కంపెనీ ఓల్డ్ ఫోర్డ్‌లో మూత లేకుండా ఉంచిన చెరువుల దగ్గరకి వెళ్లి ఆగింది. అక్కడినుంచి ఫిల్టర్ చేయని నీళ్లు వదిలారు, జనం తమ పైపుల్లో ఈల్ చేపలు వచ్చాయని చెప్పారు కూడా.

సరే, 1870లకి మెయిన్ సీవర్లు అయిపోయాయి, కలరా మళ్లీ లండన్లో అలా రాలేదు. అయినా నికోల్లో 1880ల చివర్లో కూడా వెయ్యికి 40 మంది పోతున్నారంటే ఏమైనట్టు? మెయిన్ సీవర్ వీధి చివర దాకానే వచ్చింది. అక్కడినుంచి ఇంటి పెరట్లోకి ఉండే ఆ ముప్పై నలభై అడుగులు ఇంటి ఓనరుది.

ఇది నాకు పుస్తకంలో చదివిన విషయం కాదండి. సర్వీసులో మొదటి పదేళ్లలోనే ఒక చిన్న ఊళ్లో పేదల కాలనీకి సీవర్ లైన్ వేసాం, లెవెల్స్ బాగా కుదిరాయి, మాన్‌హోల్స్ అన్నీ నీట్‌గా వచ్చాయి, చాలా సంతోషపడ్డాను, రెండేళ్ల తర్వాత వెళ్లి మూతలు తీయించి చూస్తే చాలా వాటిల్లో అడుగు పొడిగా ఉంది. ఇళ్ల కనెక్షన్లు లేవు. వరసగా అద్దె గదులు కట్టుకున్న ఓనర్లు ఊళ్లో వేరేచోట ఉంటారు, కనెక్షన్ ఖర్చు పెట్టమంటే ఇవాళ రేపు అంటారు, అద్దెకున్నవాళ్లు పెడదామంటే రేపు ఖాళీ చేయమంటే ఆ డబ్బు పోయినట్టే, దాంతో మళ్లీ అందరూ పక్క కాలవలోకే వదులుతున్నారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు నాకు. నికోల్ గురించి చదువుతుంటే ఆ పొడి మాన్‌హోలే కనపడుతుంది.

నీళ్ల సంగతి కూడా అంతే. పెరట్లో ఒక్క కుళాయి, చుట్టూ నాలుగైదు ఇళ్ల వాళ్లు, రోజులో కొద్దిసేపు వదిలేవాళ్లు, ఆదివారం చాలా చోట్ల అసలు లేదు. వచ్చినప్పుడు పట్టుకుని మూతలేని చెక్క పీపాల్లో పోసుకోవడం, అందులో ఏం పడుతుందో దేవుడికే తెలియాలి. ఫ్లష్ దొడ్డి పెట్టాం అంటారు గానీ ఫ్లష్‌కి నీళ్లు లేకపోతే అది గోతి దొడ్డి కన్నా ఘోరం, గోతిలో పడింది కనీసం గోతిలో ఉంటుంది, ఇక్కడ ట్రాప్ దగ్గరే, అంటే దొడ్డి కింద వంపు పైపు దగ్గరే, ఆగిపోయి పెరట్లోకి పొర్లుతుంది. ఇంకోటి, నీళ్లు ఆపేసిన టైములో పైపులో ఒత్తిడి పడిపోతుంది, ఎక్కడ చిల్లుంటే అక్కడ బయటి మురుగుని లోపలికి లాగుతుంది. అందుకే 24 గంటల సప్లై అన్నది సౌకర్యం కోసం కాదు, ఆరోగ్యం కోసం. చట్టం 1852లోనే ఆ మాట అంది, 1871లో ఇంకాస్త గట్టిగా అంది, కంపెనీలు మాత్రం ఇంటి లోపల ఫిట్టింగులు సరిగ్గా లేవని వంక పెట్టుకుంటూ సాగదీసాయి. చివరికి 1904లో ఎనిమిది కంపెనీల్నీ ఒక పబ్లిక్ బోర్డు తీసేసుకుంది.

మరి ప్రభుత్వం ఓనర్ల మెడలు వంచలేదా అంటారు. చట్టాలున్నాయి. 1855 నుంచి ప్రతి పారిష్‌లో మెడికల్ ఆఫీసర్ ఉండాలి, ఉన్నాడు, రిపోర్టులు రాసాడు. బెత్నల్ గ్రీన్లో అయితే దానికన్నా ముందే 1848లో హెక్టర్ గావిన్ అనే డాక్టరు వీధి వీధీ తిరిగి ఏ పెరట్లో ఏముందో రాసి పెట్టాడు, కాబట్టి తెలియక ఊరుకున్నారు అనడానికి లేదు. 1868 టొరెన్స్ చట్టం ప్రకారం పాడైన ఇంటి ఓనరుని రిపేరు చేయమనో కూల్చమనో ఆర్డరు వేయొచ్చు. కానీ ఆ ఆర్డరు వేయాల్సింది వెస్ట్రీ, అంటే లోకల్ వార్డు కౌన్సిల్ లాంటిది, అందులో కూర్చున్నవాళ్లలో కొందరికి ఆ పేటలోనే ఇళ్లున్నాయి, అద్దెలు వస్తున్నాయి. తమ ఇంటికి తామే నోటీసు ఇచ్చుకుంటారా? ఇన్‌స్పెక్టర్లని కూడా లక్ష దాటిన జనాభాకి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందినే పెట్టుకున్నారు.

1875 క్రాస్ చట్టంతో ఒక్కో ఇల్లు కాదు, ఏరియా మొత్తం కొని కూల్చే అధికారం వచ్చింది. ఇక్కడ జరిగిన పొరపాటు మీరు తప్పకుండా రాయండి. మొదట్లో ఓనరుకి నష్టపరిహారం అద్దె ఆదాయాన్ని బట్టి కట్టారు, అంటే గదికి ఎంత ఎక్కువమందిని కుక్కితే అంత ఎక్కువ అద్దె, అంత ఎక్కువ పరిహారం. కూల్చివేత వస్తుందని తెలిసినవాడు ఇంకా కుక్కుతాడు కదా. బోర్డు ఆఫ్ వర్క్స్ ఎక్కువ రేటుకి కొని, ఖాళీ చేసిన స్థలం పేదలకి ఇళ్లు కట్టే పీబాడీ ట్రస్టు లాంటివాళ్లకి నష్టానికి అమ్మాల్సి వచ్చింది. తర్వాత కొన్నేళ్లకి సవరణలు తెచ్చి, కుక్కడం వల్ల పెరిగిన విలువని తీసేసి కట్టడం మొదలుపెట్టారు, అప్పటికే చాలా డబ్బు పోయింది.

దాతలు కట్టినవి కూడా ఉన్నాయి, పక్కనే. నికోల్‌కి దగ్గర్లో నోవా స్కోషియా గార్డెన్స్ అనే చెత్తదిబ్బల ఏరియా కొని ఏంజెలా బర్డెట్-కూట్స్ 1860 ప్రాంతంలో కొలంబియా స్క్వేర్ ఇళ్లు కట్టించింది. అమెరికన్ వ్యాపారి జార్జ్ పీబాడీ 1862లో లక్షా యాభై వేల పౌండ్లతో మొదలుపెట్టి చివరికి ఐదు లక్షలిచ్చాడు, మొదటి బ్లాకు 1864లో స్పిటల్‌ఫీల్డ్స్‌లో. గాలి వెలుతురు వచ్చే గదులు, నీళ్లు, బట్టలుతుక్కునే చోటు, అన్నీ బాగున్నాయి, కానీ వారం వారం ఖచ్చితంగా జీతం వచ్చేవాడే ఆ అద్దె కట్టగలడు, తోపుడు బండి వాడు వాన పడిన వారం ఏం కడతాడు?

వీళ్లందరిలో నాకు బాగా నచ్చింది ఆక్టేవియా హిల్ పద్ధతి. 1865లో మేరిల్‌బోన్లో పారడైజ్ ప్లేస్ అనే చోట మూడు పాత ఇళ్లు రచయిత జాన్ రస్కిన్ 750 పౌండ్లు పెట్టి కొనిస్తే ఆవిడ నడిపింది. కూల్చలేదు, జనాన్ని లేపలేదు. ముందు డ్రైన్లు శుభ్రం చేయించింది, నీళ్ల ట్యాంకు బాగుచేయించింది, కిటికీలు పెట్టించింది, ప్రతి వారం తనే, తర్వాత తను తర్ఫీదు ఇచ్చిన ఆడవాళ్లు, ఇంటింటికీ వెళ్లి అద్దె తీసుకునేవాళ్లు, ఆ వెళ్లడంలోనే ఏ పైపు కారుతోందో ఏ మెట్టు విరిగిందో కనపడేది, అద్దెలో కొంత రిపేర్లకి పక్కన పెట్టేవాళ్లు, రస్కిన్‌కి నూటికి ఐదు వడ్డీ కూడా ఇచ్చింది. అద్దె విషయంలో ఆవిడ చాలా కఠినం, బాకీ పెడితే ఖాళీ చేయించేది, అది కొందరికి నచ్చదు, నాకూ అన్నీ నచ్చవు. కానీ మెయింటెనెన్స్ అంటే వారం వారం ఒక మనిషి వచ్చి చూడటం అని అంత స్పష్టంగా అర్థం చేసుకున్నవాళ్లు ఆ కాలంలో తక్కువ. మా డిపార్ట్‌మెంట్లో కూడా కట్టడానికి వచ్చే డబ్బు మెయింటెనెన్స్‌కి ఎప్పుడూ రాలేదు.

ఇక నికోల్. 1884లో ఇళ్ల మీద రాయల్ కమిషన్ వేసారు, అందులో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, అంటే యువరాజు, కూడా మెంబరు. 1889లో లండన్ కౌంటీ కౌన్సిల్ ఏర్పడింది, లండన్ మొత్తానికి జనం ఓట్లతో వచ్చిన మొదటి పాలన, వెస్ట్రీ వాళ్ల సొంత ఇళ్ల గొడవ దీనికి లేదు. 1890 హౌసింగ్ చట్టం చేతికి రాగానే ఓల్డ్ నికోల్ మొత్తం తీసేయాలని నిర్ణయించింది. ఓవెన్ ఫ్లెమింగ్ అనే యువ ఆర్కిటెక్టు, ఆయన టీము డిజైన్ చేసారు. మధ్యలో గుండ్రటి పార్కు, అక్కడినుంచి ఏడు చెట్ల రోడ్లు బయటికి, రోడ్ల పక్కన ఎర్ర ఇటుకల ఐదంతస్తుల బ్లాకులు, గది గదికీ వెలుతురు పడేలా బ్లాకుల మధ్య ఎడం. కూల్చిన ఇళ్ల రాళ్లూ ఇటుకలే మధ్యలో గుట్టగా పోసి దాని మీద తోట, బ్యాండ్‌స్టాండ్. అంతకుముందు ఎవరి పేర్లో పెట్టుకున్న సందులకి బదులు బ్లాకులకి థేమ్స్ ఒడ్డు ఊళ్ల పేర్లు పెట్టారు. ఉమ్మడి లాండ్రీ, వడ్రంగుల కోసం వర్క్‌షాపులు, అంగళ్లు. 1,069 ఇళ్లు, 5,524 మందికి. 1900 మార్చి 3న అదే ప్రిన్స్ ఆఫ్ వేల్స్ వచ్చి తెరిచాడు. ఇవాళ్టికీ జనం ఉంటున్నారు అందులో, బౌండరీ ఎస్టేట్ అంటారు, ఇప్పుడు చాలా బంగ్లాదేశీ కుటుంబాలు ఉన్నాయి. పనిగా చూస్తే తప్పు పట్టడానికి నాకు దాదాపు ఏమీ కనపడదు.

ఖాళీ చేయించిన ఆ 5,719 మందిలో కొత్త బ్లాకుల్లోకి వచ్చినవాళ్లు 11 మంది.

మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను, తర్వాత ఎక్కడ చూసినా అదే సంఖ్య. ఎందుకలా అంటే, కట్టిన ఖర్చు అద్దెల మీదే తిరిగి రావాలి, పన్నుల డబ్బు పడకూడదు అన్నది కౌన్సిల్ నియమం. మంచి ఇటుక, మంచి డ్రైన్లు, తక్కువ మంది, అంటే అద్దె పాతదానికన్నా ఎక్కువ. ఇంట్లో అగ్గిపెట్టెలు అంటిస్తే గ్రోసుకి, అంటే 144 పెట్టెలకి, రెండుంపావు పెన్నీలు వచ్చేవి, జిగురూ దారమూ సొంత ఖర్చు, ఆ డబ్బుతో కొత్త ఇంటి అద్దె ఎలా కడుతుందండి ఏ తల్లైనా. పైగా కూల్చడానికీ కట్టడానికీ మధ్య ఏళ్లు పట్టింది, అన్నాళ్లు వాళ్లు ఎక్కడో ఒక చోట తలదాచుకోవాలి కదా, పనికి దగ్గరగా ఉండాలి కాబట్టి పక్కనున్న బెత్నల్ గ్రీన్, షోర్‌డిచ్ వీధుల్లోనే ఒక్కో గదిలో ఇంకో కుటుంబంగా చేరారు. కొత్త ఇళ్లలోకి వచ్చింది నికరంగా సంపాదించే చేతిపనివాళ్లు, గుమాస్తాలు, పోలీసులు లాంటివాళ్లు. వాళ్లకీ మంచి ఇల్లు అవసరమే, అది వేరే మాట.

ఇంగ్లండ్ స్కాట్లండ్‌లో మిగతా ఊళ్లు కూడా చూడాలనుకుంటే లివర్‌పూల్ 1847లోనే మెడికల్ ఆఫీసర్‌గా డాక్టర్ డంకన్‌ని, ఇంజనీర్‌గా జేమ్స్ న్యూలాండ్స్‌ని పెట్టుకుంది, 1869లో సెయింట్ మార్టిన్స్ కాటేజెస్ అని కౌన్సిల్ ఇళ్లు కూడా కట్టింది. గ్లాస్గో 1866లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టింది. ఆ ట్రస్టు నమూనాయే ప్లేగు తర్వాత 1898లో బొంబాయికి వచ్చింది, 1908 మూసీ వరదల తర్వాత 1912లో మన హైదరాబాద్‌లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కూడా ఆ దారిలోదే, కాబట్టి మీ టాపిక్ మనకి మరీ దూరమేం కాదు.

మీ చివరి ప్రశ్న, ఆరోగ్యం బాగుపడిందా అన్నది. బౌండరీ ఎస్టేట్లో కట్టిన తర్వాతి మరణాల రేటు తీసుకుని, నికోల్ 40 పక్కన పెట్టి, ఇంత తగ్గింది అని స్లైడు వేయకండి, చాలామంది అదే చేస్తారు. రెండు లెక్కల్లో ఉన్నది ఒకే నేల, ఒకే మనుషులు కాదు. ముందు లెక్కలో అగ్గిపెట్టెల తల్లి ఉంది, తర్వాత లెక్కలో గుమాస్తా కుటుంబం ఉంది. నిజంగా తెలుసుకోవాలంటే చుట్టుపక్కల వీధుల్లో 1891, 1901 జనాభా లెక్కల్లో గదికి ఎంతమంది ఉన్నారో, ఆ రెండు పారిష్‌ల మెడికల్ ఆఫీసర్ల ఏడాది రిపోర్టుల్లో వీధి వారీగా పసిపిల్లల మరణాలు ఎలా మారాయో చూడాలి. మిగతా 5,708 మంది ఆ కాగితాల్లోనే ఎక్కడో ఉంటారు, పని అక్కడినుంచి మొదలుపెట్టండి.